ఓటరు చూపులో నాయకుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అభ్యర్థిలో నాయకత్వ లక్షణాలను ఓటర్లు దేన్ని బట్టి పోల్చుకుంటారు, ఆ పోల్చుకోవడం ఎంతవరకు సరిగ్గా ఉంటుంది అన్న విషయం మీద ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లో అధిక భాగం తిరుపతి, చిత్తూరు జిల్లాలవే. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఇద్దరు ముఖ్యమంత్రులను అందించింది. తిరుపతి నియోజకవర్గం ఇద్దరు అగ్రశ్రేణి సినీనటులను శాసనసభకు పంపింది. కాబట్టి ఈ ప్రాంతం వారికి ఈ విషయం మీద చెప్పడానికీ అడగడానికీ చాలా ఉండడం సహజమే. ఇప్పుడు పదవుల్లో ఉన్నవారి మీద ఫిర్యాదులుగా రాసిన ఉత్తరాలను పక్కన పెట్టాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: రాబోయే ఎన్నికల్లో మొదటిసారి ఓటు వేయబోతున్నాను. మా నాన్నగారు గోడమీది ఫోటో చూసి, "ఈయన ముఖంలోనే నాయకుడున్నాడు" అంటారు. మా అధ్యాపకురాలు అదంతా భ్రమ అంటారు. ముఖం చూసి జనం ఓటు వేస్తారనడానికి ఆధారాలు ఉన్నాయా?
— డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

మీ నాన్నగారి మాట ఓటర్ల విషయంలో చాలావరకు నిజం, అభ్యర్థుల విషయంలో మాత్రం కాదు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ తోడరోవ్, ఆయన సహచరులు చేసిన ఒక పరిశోధన 2005లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. సెనేట్ ఎన్నికల్లో పరస్పరం పోటీపడిన ఇద్దరేసి అభ్యర్థుల ఫోటోలను, వారెవరో తెలియని మనుషులకు చూపించి, ఇద్దరిలో ఎవరు ఎక్కువ సమర్థులుగా కనిపిస్తున్నారో చెప్పమన్నారు. ఒక్క సెకను మాత్రమే చూపించినా, వారు సమర్థులని ఎంచినవారే సుమారు 70 శాతం పోటీల్లో గెలిచినవారుగా తేలారు. 2009లో స్విట్జర్లాండ్‌లో జాన్ ఆంటోనాకిస్, ఓలాఫ్ డాల్గస్ ఇంకొక అడుగు ముందుకు వేసి, 5 నుంచి 13 ఏళ్ళ పిల్లలకు ఫ్రాన్స్ పార్లమెంటు అభ్యర్థుల ఫోటోలు చూపి, "మీరు ఓడలో దూరప్రయాణం చేయాలంటే వీరిలో ఎవరిని కెప్టెన్‌గా పెట్టుకుంటారు?" అని అడిగారు. ఎన్నికలంటే ఏమిటో సరిగా తెలియని ఆ పిల్లల ఎంపిక, పెద్దల ఎంపికతో దాదాపు సమానంగా గెలుపును పట్టుకుంది. మరో పరిశోధనలో మెక్సికో, బ్రెజిల్ దేశాల అభ్యర్థుల ఫోటోలను అమెరికన్లకూ భారతీయులకూ చూపించారు. ముక్కూ మొహం తెలియని ఆ పరదేశీయుల్లో ఎవరు గెలిచి ఉంటారో మనవాళ్ళు కూడా యాదృచ్ఛికానికి మించి సరిగ్గా చెప్పగలిగారు.

ఈ లెక్కలను చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. 70 శాతం అంటే నూటికి డెబ్బై మంది ముఖం చూసి ఓటేశారని అర్థం కాదు. కళ్ళు మూసుకుని చెప్పినా సగం పోటీల్లో జవాబు సరిపోతుంది కనుక, ముఖం వల్ల అదనంగా తెలిసింది ఆపైన ఉన్న భాగమే. గెలిచే అవకాశమున్న చోట పార్టీలు ఆకర్షణీయమైన అభ్యర్థిని నిలబెట్టడం కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. ఇక మన దగ్గర చాలామంది ఓటర్లు ముందు చూసేది గుర్తునే కాబట్టి, ముఖం ప్రభావం ఎటూ తేల్చుకోని కొద్దిమంది మీదనే పనిచేస్తుంది. అయితే ఆ కొద్దిమందిని తీసిపారేయడానికి వీల్లేదు: 2019లో తిరుపతి శాసనసభ స్థానంలో గెలుపు ఓటములను తేల్చింది 708 ఓట్లు.

పై పరిశోధనల్లో ఏదీ సమర్థుడిగా కనిపించినవాడు పదవిలో సమర్థంగా పనిచేశాడని నిరూపించలేదు. అవి చూపించిందల్లా ముఖానికీ ఓటుకూ ఉన్న సంబంధాన్నే. మీ అధ్యాపకురాలు భ్రమ అన్నది ఆ అర్థంలోనైతే ఆమె చెప్పింది సరైనదే. 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థి ఫోటో కూడా ఉంటోంది. ఒకే పేరున్న అభ్యర్థుల మధ్య ఓటరు తికమకపడకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఎన్నికల సంఘం దాన్ని పెట్టింది. కానీ చివరి క్షణంలో కంటికి ముఖాన్ని చూపించడం కూడా అదే అవుతుంది. ఫ్లెక్సీల సంగతి చెప్పనక్కరలేదు. వాటిలోని ఫోటో ఏ వయసులో తీసిందో, ఏ స్టూడియోలో ఎంత నగిషీ పెట్టారో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: అయ్యా, మా పల్లెలో ఎమ్మెల్యే అభ్యర్థిని రెండు విషయాల్లోనే చూస్తాము. పెళ్ళికో చావుకో మా గడప తొక్కినాడా, ఫోను చేస్తే ఎత్తుతాడా. తిరుపతిలో చదువుకునే మా అబ్బాయి ఇది వెనకబాటుతనమని ఎగతాళి చేస్తాడు. మేము చూసే తీరు తప్పా?
— మామిడి రైతు, దామలచెరువు

తప్పు కాదు. అయితే మీరు చూస్తున్నది ఒక లక్షణాన్ని, మీరు నమ్ముతున్నది నాలుగు లక్షణాలను. చిక్కు అక్కడ ఉంది.

ముందు మీ అబ్బాయికి చెప్పవలసిన మాట. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మార్పించుకోవాలన్నా, రుయా ఆసుపత్రిలో రాత్రిపూట మంచం దొరకాలన్నా, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలన్నా, నిబంధన ఒక్కటే సరిపోయే పరిస్థితి ఉంటే ఎమ్మెల్యే ఫోను నంబరుతో ఎవరికీ పని ఉండదు. అది సరిపోవడం లేదు కాబట్టే మధ్యలో ఒక మనిషి కావలసి వస్తున్నాడు. తిరుపతి చుట్టుపక్కల దీనికి ఇంకొక ముఖం ఉంది: దూరపు బంధువులు వచ్చినప్పుడు తిరుమల బ్రేక్ దర్శనానికి సిఫారసు లేఖ ఇప్పించగలిగాడా లేదా అన్నది ఇక్కడ నాయకుడి పలుకుబడికి కొలతగా స్థిరపడిపోయింది. రాష్ట్రంలో మరే ప్రాంతపు ఓటరూ ప్రజాప్రతినిధిని ఇంతగా ఒక దర్శన లేఖతో తూచడనుకుంటాను. ఇది హాస్యంగా కనిపించవచ్చు గానీ, ఓటరు తర్కం తిన్నగానే ఉంది: నాకు అవసరం పడినప్పుడు ఈ మనిషి పలుకుతాడా అన్నదానికి ఇప్పుడు పలుకుతున్నాడన్నదే సాక్ష్యం.

ఇక చిక్కు. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త డొనాల్డ్ కిండర్, ఆయన తరువాత చాలామంది, ఓటర్లు నాయకుడిలో చూసేవాటిని నాలుగు గుంపులుగా విడదీశారు: పని తెలిసి ఉండడం, దృఢంగా నడిపించగలగడం, నిజాయితీ, మనలాంటివారి మీద పట్టింపు. చావుకు వచ్చి పలకరించడం చివరిదానికి మంచి సాక్ష్యం. మిగిలిన మూడింటికి అది సాక్ష్యం కాదు. అయినా మనసు ఆ తేడాను పాటించదు. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే దీన్ని పట్టుకున్నాడు. సైనికాధికారులు తమ కింది వారికి తెలివికి ఒకటి, శరీర దారుఢ్యానికి ఒకటి, నాయకత్వానికి ఒకటి, శీలానికి ఒకటి చొప్పున విడివిడిగా మార్కులు వేస్తే, ఒకదానిలో ఎక్కువ వచ్చినవాడికి అన్నిటిలోనూ ఎక్కువ రావడం ఆయన గమనించాడు. ఒక గుణం వెలుగు మిగిలిన వాటి మీద పడిపోయింది. మన దగ్గర జరిగేదీ అదే. "ఎంత పెద్ద మనిషి అయినా వచ్చి కూర్చున్నాడయ్యా" అన్న మాట వెనకే "తినే మనిషి కాదు" అన్న మాట, దాని వెనకే "పని తెలిసినోడు" అన్న మాట వచ్చేస్తాయి. మొదటిది మీరు కళ్ళతో చూసింది, తక్కిన రెండూ మీరు ఊహించుకున్నవి.

మీ పంట సంగతే తీసుకుందాము. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందనీ నిర్ణయించారు. అలాంటి సమయంలో ఒక ప్రజాప్రతినిధి చేయవలసిన పని ఏమిటి? ఫ్యాక్టరీలో పోయిన ఏటి గుజ్జు నిల్వ ఎంత ఉందో, ఎగుమతి ఎక్కడ ఆగిందో కాయ కోతకు రాకముందే తెలుసుకోవాలి. యాజమాన్యాలనూ కలెక్టరునూ ఒక గదిలో కూర్చోబెట్టాలి. ప్రకటించిన ధర కాటా దగ్గర నిజంగా అందుతోందా అని వెంటపడి చూడాలి. ఈ పనులు చేయగలవాడు మీ ఇంట్లో పెళ్ళికి వచ్చి ఉండవచ్చు, రాకపోయీ ఉండవచ్చు. పెళ్ళికి రావడాన్ని బట్టి అది తేలదు. కోత కాలానికి ముందు ఆ అభ్యర్థి మామిడి గురించి ఎక్కడైనా, ఎవరినైనా, ఏదైనా అడిగాడా అన్నది తెలిస్తే కొంత తేలుతుంది.

మీ కొలత ఏ పదవికి వాడుతున్నారన్నది కూడా చూసుకోవాలి. వార్డు సభ్యుడికీ సర్పంచికీ పిలిస్తే పలకడమే దాదాపు ఉద్యోగమంతా. ఎమ్మెల్యేకు అది సగం. లోక్‌సభ సభ్యుడి దగ్గరకు వచ్చేసరికి ఆ కొలత దాదాపు పనికిరాదు: తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాల్లో ఒక్కొక్కదాని కింద ఏడేసి శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి, అన్ని ఊళ్ళ కర్మంతరాలకూ తిరిగే ఎంపీ పార్లమెంటుకు వెళ్ళడం లేదని అనుమానించవలసి వస్తుంది. ఈ జిల్లా నుంచే 1952లో తిరుపతికీ 1957లో చిత్తూరుకూ ప్రాతినిధ్యం వహించిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1956లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. ఆయనకు ఆ పేరు సభా నియమాల మీద ఉన్న పట్టు వల్ల వచ్చింది, గడపలు తొక్కడం వల్ల రాలేదు.

మీ అబ్బాయి తరానికీ సొంత గడప ఒకటి ఉందని మరవకండి. అభ్యర్థి ఇంగ్లీషులో గడగడా మాట్లాడితే "విజన్ ఉంది" అనుకోవడం, చావుకొస్తే నిజాయితీపరుడనుకోవడం కంటే గొప్ప తర్కమేమీ కాదు.

ప్రశ్న: సినిమా పేరుప్రతిష్ఠలను మనవాళ్ళు నాయకత్వంగా పొరబడతారని బయటి రాష్ట్రాల మిత్రులు వెక్కిరిస్తారు. తిరుపతి ఓటరుగా నేనేం జవాబు చెప్పాలి?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు (స్వస్థలం తిరుపతి)

పేరుప్రతిష్ఠలు మనిషి చెప్పేది వినడానికి జనాన్ని రప్పిస్తాయి. ఆ తరువాతి పని వాటి వల్ల కాదు అని చెప్పండి.

ఎన్.టి. రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరిలో 294 స్థానాల్లో 200కు పైగా గెలుచుకున్నారు. తాను గుడివాడలోనూ తిరుపతిలోనూ నిలబడి రెండుచోట్లా గెలిచారు. వెండితెర వేంకటేశ్వరుడిగా జనం ఆయనకు మొక్కిన మాట నిజమే. అయితే అంతకుముందు ఐదేళ్ళలో కాంగ్రెస్ అధిష్ఠానం రాష్ట్రంలో నలుగురు ముఖ్యమంత్రులను చూపించింది. ఆయన చైతన్యరథం మీద నెలల తరబడి ఊరూరా తిరిగి ఆత్మగౌరవం గురించీ, కిలో రెండు రూపాయల బియ్యం గురించీ మాట్లాడారు. ముఖమే కారణమైతే ఆ ముఖం 1989లోనూ ఉంది. ఆ ఏడు పార్టీ అధికారం కోల్పోయింది, ఆయన కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయారు.

చిరంజీవి విషయం ఇంకా స్పష్టం. ప్రజారాజ్యం పార్టీని 2008 ఆగస్టు 26న తిరుపతి సభలోనే ప్రకటించారు. 2009లో ఒకే మనిషి, ఒకే ఎన్నికల్లో తిరుపతిలో గెలిచి, తన సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడారు. 2012లో ఆయన రాజ్యసభకు వెళ్ళడంతో తిరుపతికి ఉప ఎన్నిక వచ్చింది. తిరుపతి ఓటరు అభిమానాన్నీ ఓటునూ వేరుచేయలేడనేవారు ఈ వరుసను ఒకసారి చదువుకోవాలి.

ప్రశ్న: కేసులున్న అభ్యర్థిని మా వీధిలో "దమ్మున్నోడు" అని మెచ్చుకుంటారు. చదువుకున్నవారు సైతం. ఇది నాయకత్వ లక్షణమా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

దమ్ము నాయకత్వ లక్షణమే, కేసు దానికి రుజువు కాదు.

ఈ విషయాన్ని లోతుగా పరిశీలించిన మిలన్ వైష్ణవ్ అనే పరిశోధకుడి వాదన ప్రకారం, ఓటర్లు కేసుల సంగతి తెలియక అలాంటివారిని ఎన్నుకోవడం లేదు. చాలాచోట్ల తెలిసే ఎన్నుకుంటున్నారు. ప్రభుత్వ యంత్రాంగం పక్షపాతం లేకుండా పనిచేస్తుందన్న నమ్మకం లేని చోట, కులాల మధ్య, వర్గాల మధ్య పోటీ తీవ్రంగా ఉన్న చోట, "మన కోసం నిబంధన దాటడానికి వెనకాడడు" అన్న పేరే అభ్యర్థికి అర్హతగా మారుతుంది. దామలచెరువు రైతుగారికి ఫోను ఎత్తే మనిషి ఎందుకు కావలసి వచ్చాడో, మీ వీధివారికి దమ్మున్నోడు కావలసి రావడానికీ కారణం అదే.

కేసులన్నీ ఒకటి కావని కూడా చెప్పుకోవాలి. నీళ్ళ కోసం రోడ్డు మీద బైఠాయించినందుకు పెట్టిన కేసూ, హత్యాయత్నం కేసూ అఫిడవిట్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. కేసు ఉండడం శిక్ష పడడం కాదు. రెండేళ్ళు లేదా అంతకుమించి శిక్ష పడితే అనర్హత వస్తుంది, అప్పీలు పేరుతో పదవిలో కొనసాగే వెసులుబాటును సుప్రీంకోర్టు 2013లో తీసేసింది. అభ్యర్థి తన మీది కేసులను ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లోనూ టీవీలోనూ ప్రకటించాలని 2018లో చెప్పింది. అలాంటి అభ్యర్థినే ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు కారణం చూపాలనీ, గెలుస్తాడన్నది మాత్రమే కారణం కాకూడదనీ 2020లో చెప్పింది. ఆ ప్రకటనలు చిన్న అక్షరాల్లో, ఎవరూ చూడని పేజీల్లో వస్తాయన్నది వేరే సంగతి.

దమ్మును చూడాలనుకుంటే ఇంకొకచోట చూడవచ్చు. ఎదుటి వర్గం మనిషి మీదో, చిన్న ఉద్యోగి మీదో గొంతు లేపడానికి పెద్ద ధైర్యం అక్కరలేదు, వెనక జనం ఉంటే చాలు. తన వెంట తిరిగే మనిషి చెరువు పోరంబోకులో ఇల్లు కడుతుంటే "వద్దు" అనడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అక్కడ పోయేది సొంత ఓటు. మీ అభ్యర్థి ఎప్పుడైనా తనవాళ్ళకు కాదని చెప్పిన సందర్భం మీ వీధిలో ఎవరికైనా గుర్తుందేమో అడిగి చూడండి.

ప్రశ్న: మహిళా రిజర్వేషన్‌లో సర్పంచిగా గెలిచాను. కాగితాలు చదివి సంతకం పెట్టేది నేనే అయినా, వచ్చినవారు మా ఆయనకే నమస్కారం పెడతారు. రిజర్వేషన్ మారాక జనరల్ స్థానంలో నిలబడితే నన్ను నాయకురాలిగా చూస్తారా?
— సర్పంచ్, శ్రీకాళహస్తి ప్రాంతం

మీ ప్రశ్నకు దగ్గరి జవాబు పశ్చిమ బెంగాల్ గ్రామాల నుంచి వచ్చింది, అది కొంత ఆశ కలిగించేదే. లోరీ బీమన్, రాఘవేంద్ర చట్టోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టోపలోవా 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గ్రామసభలో నాయకుడు చేసిన ప్రసంగం ఒకదాన్ని కొందరికి మగ గొంతులోనూ మరికొందరికి ఆడ గొంతులోనూ వినిపించారు. మాటలు అవే, గొంతు ఒక్కటే మారింది. అంతవరకు మహిళా ప్రధాన్‌ను (అక్కడి సర్పంచిని) చూడని గ్రామాల్లో మగవారు ఆడ గొంతులో విన్న నాయకత్వానికి తక్కువ మార్కులు వేశారు. రిజర్వేషన్ వల్ల మహిళ పాలనను చవిచూసిన గ్రామాల్లో ఆ తేడా దాదాపు కనిపించలేదు. రెండు విడతలు రిజర్వేషన్ ఉన్న పంచాయతీల్లో, ఆ తరువాత రిజర్వేషన్ లేని ఎన్నికల్లో కూడా ఎక్కువమంది మహిళలు నిలబడ్డారు, గెలిచారు.

ఆ అధ్యయనంలో ఇంకొక సంగతి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మహిళలు సమర్థులేనని ఒప్పుకున్న మగవారు కూడా, ఎవరు నాయకుడుగా ఉంటే ఇష్టమని అడిగితే మగవారి వైపే మొగ్గారు. సామర్థ్యం మీది అపనమ్మకం చూడగా చూడగా పోతుంది, ఇష్టాయిష్టాలు అంత త్వరగా కదలవు.

అపనమ్మకం పోవాలంటే జనం మిమ్మల్ని చూడాలి, వినాలి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకు ఉన్నా, భర్త మాట్లాడి భార్య సంతకం పెట్టే చోట ఊరు చూసింది మగ పాలననే అవుతుంది; పై అధ్యయనంలో కనిపించిన మార్పు అక్కడ రాదు. అందువల్ల గ్రామసభలో ఖర్చుల లెక్క మీ నోటితోనే చదవండి. ఆ సభకు మీ ఆయన్ని రావద్దని చెప్పడం కష్టమైతే, వెనక వరుసలో కూర్చోమనండి. ఇది కఠినంగా ఉందనిపిస్తే క్షమించండి, మీ రాబోయే ఎన్నిక అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: టీవీ చర్చల్లో, రీల్స్‌లో బాగా మాట్లాడేవారిని నమ్మవచ్చా?
— బట్టల దుకాణదారు, తిరుపతి గాంధీరోడ్డు

1960 సెప్టెంబరు 26న కెనడీ, నిక్సన్ మధ్య జరిగిన టీవీ చర్చను రేడియోలో విన్నవారు నిక్సన్ గెలిచాడన్నారనీ, టీవీలో చూసినవారు కెనడీ గెలిచాడన్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. దానికి అప్పటి ఆధారాలు బలహీనమైనవి. కానీ జేమ్స్ డ్రక్‌మన్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ పాత చర్చను కొందరికి చూపించి, మరికొందరికి శబ్దం మాత్రం వినిపిస్తే, చూసినవారు వ్యక్తిత్వం గురించిన అభిప్రాయం మీద ఎక్కువ ఆధారపడ్డారు, కెనడీ వైపు ఎక్కువ మొగ్గారు. మీ దుకాణంలో టీవీ ఉంటే, ఒకసారి తెర వైపు వీపు పెట్టి వినండి.

ప్రశ్న: మేము పార్టీని చూసే ఓటేస్తాము. ఎమ్మెల్యే విప్ (సభలో ఎలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ప్రకారం చెయ్యెత్తాల్సిందే కదా, అతని గుణగణాలు లెక్కించడం వృథా శ్రమ కాదా?
— న్యాయవాది, పలమనేరు

సభలో ఓటు వరకు మీరన్నది నిజం. 1985లో రాజ్యాంగంలోకి ఫిరాయింపులను నిరోధించే పదో షెడ్యూలు వచ్చాక విప్‌ను కాదన్న సభ్యుడి సభ్యత్వమే పోవచ్చు. లోక్‌నీతి సంస్థ సర్వేల్లో కూడా పార్టీని చూసి ఓటేశామనేవారే సాధారణంగా అభ్యర్థిని చూసి వేశామనేవారికంటే ఎక్కువగా కనిపిస్తారు. చంద్రగిరి చరిత్ర ఇంకా గట్టి ఉదాహరణ. నారా చంద్రబాబునాయుడు 1978లో అక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచి, మంత్రి కూడా అయి, 1983లో అదే చంద్రగిరిలో తెలుగుదేశం అభ్యర్థి చేతిలో ఓడారు. ఐదేళ్ళలో ఆయన నాయకత్వ లక్షణాలు ఆవిరైపోలేదు. రాష్ట్రమంతా వీచిన గాలి మారింది. ఓడిన ఆ అభ్యర్థి పన్నెండేళ్ళకు, మరో పార్టీలో, ముఖ్యమంత్రి అయ్యారు. 1983 చంద్రగిరి ఫలితాన్ని ఒక వ్యక్తి నాయకత్వం మీద తీర్పుగా చదివినవారు ఎంత పొరబడ్డారో చూడండి.

అయితే విప్ వర్తించేది సభలోని ఓటుకు మాత్రమే. సభలో ఏ ప్రశ్న వేయాలో, ఏ రోడ్డుకు ప్రతిపాదన రాయాలో, ఏ తహసీల్దారును బదిలీ చేయించాలో విప్ చెప్పదు. ఓటర్లకు ఆ వివరాలు అందితే ఓటు కదులుతుందనడానికి మన దేశంలోనే రుజువు ఉంది. 2008 ఢిల్లీ శాసనసభ ఎన్నికల ముందు కొన్ని మురికివాడల్లో ఎమ్మెల్యేల పనితీరునూ, అభ్యర్థుల అర్హతలనూ పట్టికగా వేసిన వార్తాపత్రికలను ఇంటింటికీ పంచితే, ఆ వాడల్లో పోలింగ్ పెరిగింది, డబ్బు పంపిణీ తగ్గింది, బాగా పనిచేసిన ఎమ్మెల్యేలకు ఓట్లు పెరిగాయి. అభిజిత్ బెనర్జీ, రోహిణీ పాండే తదితరులు చేసిన ఆ ప్రయోగంలో పార్టీలు మారలేదు, గుర్తులు మారలేదు. ఓటరు చేతికి ఒక కాగితం అదనంగా వచ్చింది.

ప్రశ్న: అభ్యర్థి అఫిడవిట్ అంటారు, అది మాలాంటివారికి ఎక్కడ దొరుకుతుంది? అందులో ఏం చూడాలి?
— గృహిణి, పుత్తూరు

నామినేషన్‌తో పాటు ఫారం 26 అనే ప్రమాణపత్రాన్ని అభ్యర్థి విధిగా ఇవ్వాలి. దాని ప్రతిని రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద పెడతారు, ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనూ ఉంచుతారు. ఎన్నికల సంఘం యాప్‌లో అభ్యర్థి పేరు వెతికితే సెల్‌ఫోనులోనే చదవవచ్చు. పెండింగులో ఉన్న కేసులు, పడిన శిక్షలు, అభ్యర్థికీ జీవిత భాగస్వామికీ తన మీద ఆధారపడినవారికీ ఉన్న ఆస్తులు, అప్పులు, గత ఐదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం, చదువు అందులో ఉంటాయి. తెలిసి తప్పు రాస్తే, దాచిపెడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు.

చదువు గడి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. అభ్యర్థి ఇంతకుముందు కూడా పోటీ చేసి ఉంటే, అప్పటి అఫిడవిట్ కూడా ఆ వెబ్‌సైటులో దొరుకుతుంది. ఆస్తుల పట్టికనూ ఆదాయపు గడినీ రెండింటిలో పక్కపక్కన పెట్టి, మధ్యలో గడిచిన ఐదేళ్ళలో చూపిన ఆదాయంతో పెరిగిన ఆస్తి పొసుగుతోందో లేదో ఇంటి లెక్క చూసుకున్నట్టే చూడండి. భూముల విలువ దానంతటదే పెరుగుతుంది కనుక, పాత భూమి ధర పెరిగిందా, కొత్త భూమి చేరిందా అన్నది సర్వే నంబర్లను బట్టి తెలుసుకోవచ్చు.